పిల్లి చెవి అంచున ఒక చుక్క

చంపాపేట్ చౌరస్తా చుట్టూ ఏ మందుల షాపులో అడిగినా షుగర్ మిషన్ దొరుకుతుంది. చాలా ఇళ్లలో అయితే ముందే ఉంటుంది. పరగడుపున తాతయ్య వేలు గుచ్చి చూడటం పొద్దుటి పనుల్లో ఒకటి. అదే మిషన్‌ను షుగర్ వచ్చిన పిల్లికి వాడొచ్చా? వాడొచ్చు. కాకపోతే అది దేన్ని కొలుస్తోందో, ఎవరి రక్తాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైందో తెలిసి వాడాలి.

అసలు ఇంట్లో ఎందుకు చూడాలన్నది ముందు తేల్చుకుందాం. పిల్లిని బుట్టలో పెట్టి, ఆటోలో ఒవైసీ ఆసుపత్రి చౌరస్తా, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్తే, దారి పొడవునా హారన్లు, అక్కడికి చేరాక కుక్కల అరుపులు. భయపడిన పిల్లి ఒంట్లో అడ్రినలిన్ ఎగసి, కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలేస్తుంది. ఏ జబ్బూ లేని పిల్లికి కూడా ఆ కాసేపు షుగర్ 300 దాటవచ్చు. ఆసుపత్రిలో వచ్చిన అంకెలో జబ్బెంత, భయమెంత అన్నది విడదీయడం డాక్టరుకూ కష్టమే. తన చాప మీద పడుకున్న పిల్లి దగ్గర ఆ చిక్కు చాలావరకు ఉండదు.

ఇక పనితనం సంగతి. మనం మిషన్‌ను మెచ్చుకుంటాం గానీ అసలు పని చేసేది స్ట్రిప్. మిషన్‌లో ఉన్నది గడియారం, అతి చిన్న కరెంటును కొలిచే ఏర్పాటు, కాస్త లెక్క, అంతే. స్ట్రిప్‌కు అడుగున ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాని మీద కార్బన్‌తోనో, బంగారం, పల్లాడియం లాంటి లోహంతోనో పరిచిన సన్నటి గీతలే ఎలక్ట్రోడ్లు. వాటి కొసన ఎంజైమ్‌ను పూతగా పూసి ఆరబెడతారు. ఆపైన వెంట్రుకవాసి సందు వదిలి ఒక మూత పొర. రక్తం అంచుకు తగిలితే చాలు, ఆ సందు తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. లోపలున్న గాలి బయటికి పోవడానికీ దారి వదిలారు. అది లేకపోతే రక్తం సగంలోనే ఆగిపోతుంది. సందు చివరిదాకా రక్తం చేరిందని ఎలక్ట్రోడ్లు కబురు పంపాకే గడియారం లెక్క మొదలుపెడుతుంది.

చాలా స్ట్రిప్‌లలో వాడే ఎంజైమ్ గ్లూకోజ్ ఆక్సిడేజ్. దీన్ని ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజు నుంచి తీస్తారు. నిలవ ఉల్లిపాయ పొరల మీద నల్లగా, పొడిపొడిగా కనిపించేది ఆ బూజే. ఈ ఎంజైమ్ రక్తంలోని ఇంకే పదార్థం జోలికీ దాదాపుగా పోదు. గ్లూకోజ్ అణువును పట్టుకుని దాని నుంచి రెండు ఎలక్ట్రాన్లు లాగుతుంది. పక్కనే ఉన్న మధ్యవర్తి రసాయనం వాటిని ఎలక్ట్రోడ్‌కు చేరవేస్తుంది. గ్లూకోజ్ ఎంత ఉంటే కరెంటు అంత. మైక్రోఆంపియర్లలో ఉండే ఆ కరెంటును గది వేడిని బట్టి సరిచేసి మిషన్ అంకెగా మారుస్తుంది. ఎంజైమ్‌ను ఎలక్ట్రోడ్‌తో జత చేయవచ్చన్న ఆలోచనను 1962లో లీలాండ్ క్లార్క్, లయన్స్ ముందుకు తెచ్చారు. పెన్ను రూపంలో ఎగ్జాక్‌టెక్ మీటరు అంగట్లోకి వచ్చింది 1987లో.

అన్నీ ఇలా కరెంటుతోనే నడవవు. మన షాపుల్లో విరివిగా దొరికే అక్యూ-చెక్ యాక్టివ్ రంగు చూసి చెబుతుంది. రక్తం పడిన చోట మందు రంగు మారుతుంది, దాని మీద కాంతి వేసి ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తుంది. స్ట్రిప్‌ను మిషన్ నుంచి బయటికి తీసి, చుక్క పెట్టి, మళ్లీ దూర్చే వెసులుబాటు దీనికుంది. కదిలే పిల్లి పక్కన ఇది చిన్న సుఖం కాదు. అయితే దీనికి ఒకటి రెండు మైక్రోలీటర్ల రక్తం కావాలి. కాంటూర్ ప్లస్‌కు 0.6 చాలు. పైగా చుక్క సరిపోకపోతే బీప్ కొట్టి, అర నిమిషంలోపు ఇంకాస్త తాకించమంటుంది. పిల్లి మధ్యలో తల విదిలించినా స్ట్రిప్ వృథా కాదు. జంతువుల కోసమే చేసిన ఆల్ఫాట్రాక్‌కు 0.3 చాలు. మైక్రోలీటరంటే ఒక మిల్లీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఘనం. అందులో మూడో వంతు కన్నా తక్కువ రక్తంతో ఆ మీటరు లెక్క చెప్పేస్తుంది.

చెవి దగ్గర చేతి పనితనం మొదలవుతుంది. పిల్లి చెవి బయటి అంచు వెంబడి సన్నటి సిర ఒకటి సాగుతుంది. వెనక నుంచి టార్చి వేస్తే నల్ల చెవిలోనూ కనిపిస్తుంది. గుచ్చాల్సింది సిరను కాదు, సిరకూ అంచుకూ మధ్య ఉన్న సన్నటి జాగాను. ముందుగా సాక్సులో బియ్యం పోసి వెచ్చచేసి, మన మణికట్టుకు తగిలించి చూసుకుని, చెవికి ఆనిస్తే రక్తం అక్కడికి చేరుతుంది. స్పిరిట్ వద్దు. మండుతుంది, తడి ఆరకపోతే అంకె కూడా తప్పుతుంది. వాజిలైన్ మాత్రం పొరలాగా రాయాలి. అప్పుడే రక్తం బొచ్చులోకి పాకిపోకుండా తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలుస్తుంది. చెవి వెనక దూది మడత పెట్టి, లాన్సెట్‌ను విడిగా చేత్తో పట్టుకుని గుచ్చడం మేలు. స్ప్రింగు పెన్ను టక్‌మని మోగితే పిల్లి మరోసారి చెవి ఇవ్వదు. మొదట్లో 28 గేజి సూది, చెవి అలవాటుపడ్డాక 30 గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. చుక్క తీసుకున్నాక దూదితో కొద్ది క్షణాలు నొక్కి పట్టాలి, లేకపోతే కమిలిపోతుంది. ఆ తర్వాత ఉడికించిన చికెన్ ముక్క. పెరుగన్నం కాదు, షుగర్ పిల్లికి అన్నం తగ్గించమనే డాక్టర్లు చెబుతారు.

ఇప్పుడు రక్తం సంగతి. మనిషి రక్తంలోని గ్లూకోజ్‌లో దాదాపు 58 శాతం ప్లాస్మాలో, 42 శాతం ఎర్ర కణాల్లో ఉంటుంది. పిల్లిలో 93 శాతం ప్లాస్మాలోనే, కణాల్లో 7 శాతమే. మనుషుల మీటరు మన లెక్కనే నమ్ముకుని ఉంటుంది కాబట్టి పిల్లి విషయంలో సాధారణంగా ఉన్నదానికన్నా తక్కువ చూపుతుంది. ఆల్ఫాట్రాక్ రెండో తరం స్ట్రిప్ డబ్బా మీద పిల్లికి ఒక కోడ్, కుక్కకు ఒక కోడ్ వేరువేరుగా ఉండటానికి కారణం ఇదే. పిల్లికి రక్తహీనత ఉంటే చాలా మీటర్లు తప్పుగా ఎక్కువ చూపుతాయి. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

అలాగని మనుషుల మీటరును పక్కన పడేయాల్సిన పని లేదు. అంకె బాగా ఎక్కువున్నప్పుడు తేడా పెద్దది, తక్కువున్నప్పుడు చిన్నది. అప్పటికప్పుడు ప్రాణాపాయం ఉన్నది తక్కువ వైపే. 2009లో కిర్‌స్టెన్ రూంప్, జాకీ ర్యాండ్ ప్రచురించిన అధ్యయనంలో 55 పిల్లులకు యజమానులే ఇంట్లో మనుషుల మీటర్లతో చూసుకుంటూ గ్లార్జిన్ ఇన్సులిన్ ఇచ్చారు. వాటిలో 64 శాతానికి ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయింది. జబ్బు తేలిన ఆరు నెలల్లోపు ఈ పద్ధతి మొదలుపెట్టిన వాటిలోనైతే 84 శాతానికి.

మీటర్లను పోటీకి నిలబెట్టడం మాత్రం నాకు నచ్చని పని. ఐఎస్ఓ 15197 ప్రమాణం 2013 కూర్పు ప్రకారం, 100 అంతకుమించి ఉన్నప్పుడు 95 శాతం ఫలితాలు అసలు విలువకు 15 శాతం లోపు ఉంటే చాలు. అసలు 200 ఉంటే 170 చూపినా ఒప్పే, 230 చూపినా ఒప్పే. మనిషి రక్తంలోనే ఇంత వెసులుబాటు ఉంది. ఒకేసారి మూడు మీటర్లతో చూసి అవి ఏకం కాలేదని దిగులుపడితే, చెవికి మూడు గాట్లు తప్ప మిగిలేదేమీ లేదు. ఒక్క మీటరు పట్టుకుని, ఇన్సులిన్ ఇచ్చిన దగ్గర్నుంచి రెండు గంటలకోసారి పన్నెండు గంటల పాటు చూస్తే ఎప్పుడు దిగింది, ఎంతవరకు దిగింది, ఎప్పుడు మళ్లీ ఎక్కిందన్నది గీతగా కనిపిస్తుంది. డాక్టరు మోతాదు నిర్ణయించేది ఆ గీతను చూసి.

ఆ గీతను మాటిమాటికీ చెవి గుచ్చకుండానే గీసేది ఫ్రీస్టైల్ లిబ్రె అనే సెన్సర్. బొచ్చు గొరిగిన వీపు మీద అంటిస్తే సూది లోపలికి వెళ్లి వెనక్కి వచ్చేస్తుంది. అర సెంటీమీటరు పొడవున్న మెత్తటి తీగ మాత్రం చర్మం కింద ఉండిపోతుంది. మొదటి తరం సెన్సర్ పదిహేను నిమిషాలకో అంకె చొప్పున ఎనిమిది గంటల లెక్క దాచుకుంటుంది, పద్నాలుగు రోజులకని తయారైంది. పిల్లి వీపు మీద అన్నాళ్లూ నిలవడం అరుదు. అది చూసేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ద్రవాన్ని. అందుకే కాస్త వెనకబడి నడుస్తుంది. 40 కన్నా తక్కువ, 500 కన్నా ఎక్కువ అంకె చెప్పదు. అనుమానం వచ్చిన ప్రతిసారీ చెవి చుక్కే సాక్ష్యం.

చంపాపేట్ ఎండాకాలానికి ఒక జాగ్రత్త. స్ట్రిప్‌లను 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని డబ్బాల మీదే రాసి ఉంటుంది. పెంట్‌హౌస్ గదిలో మే నెల మధ్యాహ్నం అది కుదరదు, కింది గదిలో చల్లటి అల్మారా వెతకండి. మూతలో తేమ పీల్చే మందు ఉంటుంది కనుక స్ట్రిప్ తీయగానే డబ్బా మూసేయండి. సిరంజి విషయంలోనూ జాగ్రత్త: ఎర్ర మూతది 40 యూనిట్ల ఇన్సులిన్‌కు, నారింజ మూతది 100 యూనిట్లదానికి. తారుమారైతే మోతాదు రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

నోటు పుస్తకం మొదటి పేజీలో మీటరు పేరు రాయండి. మార్చాల్సి వస్తే తేదీ వేసి, గీత గీసి, అక్కణ్నుంచి కొత్త లెక్క మొదలుపెట్టండి. ఇన్సులిన్ ఇస్తున్న పిల్లి ఎప్పుడైనా తూలుతూ నడిచినా, ఉన్నట్టుండి డీలాపడినా మిషన్ ఎంత చూపిందని ఆలోచించకుండా చిగుళ్లకు కాస్త తేనె రాసి, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.