ఒత్తు ఎక్కడ జారింది?

శిక్షణకు వచ్చిన టీచర్లను నేను మొదట అడిగేది ఒకటే: ‘పుస్తకం’ అనే మాటలో ఎన్ని ధ్వనులున్నాయి? మూడు అంటారు వెంటనే. పు, స్త, కం. అవి అక్షరాలు. నోటితో నెమ్మదిగా విడదీస్తే ప్, ఉ, స్, త్, అ, క్, అ, మ్ అని ఎనిమిది తేలతాయి. ఏళ్ల తరబడి తెలుగు చెబుతున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. చదవడం వచ్చినవాళ్లకు మాట ఒక్క చూపులో అందుతుంది కాబట్టి విడి ధ్వనులు చెవిన పడవు. డిస్లెక్సియా, అంటే చదవడం నేర్చుకోవడంలో ఇబ్బంది, ఉన్న పిల్లలకు చిక్కు చాలావరకు ఆ విడదీతలోనే ఉంది. మరి తనకే వినిపించని ధ్వనిని టీచర్ ఏం నేర్పగలదు?

ఒక పిల్లవాడు ‘బస్తీ’ని ‘బసీత’ అని చదివాడనుకోండి. ‘సరిగ్గా చూడరా’ అంటాం. వాడు సరిగ్గానే చూశాడు. గుడిదీర్ఘం స నెత్తిమీద ఉంది, త ఒత్తు కింద ఉంది. పలికేటప్పుడు మాత్రం ఆ ఈకారం త తర్వాత రావాలి. కంటికి కనిపించే వరస వేరు, నోటికి కావలసిన వరస వేరు. పైగా త, న, మ, య, ర, ల, వ ఒత్తులు అసలు అక్షరాల్లా ఉండవు. ఈ సంగతి తెలిసిన టీచర్ పిల్లవాడిని కసరదు. ఎక్కడ జారాడో గుర్తుపెట్టుకుని రేపటి పాఠం అక్కడే మొదలుపెడుతుంది. నా దృష్టిలో శిక్షణ అంటే ముఖ్యంగా ఇదే, తప్పును చదవడం.

అమెరికాలో నరాల వైద్యుడు శామ్యూల్ ఆర్టన్, ఉపాధ్యాయురాలు అన్నా గిలింగ్‌హామ్ 1930లలో ఒక పద్ధతికి రూపమిచ్చారు. చూస్తూ, వింటూ, పలుకుతూ, రాస్తూ ఒక్కో ధ్వనినీ వరసలో నేర్పడం అందులో ప్రాణం. అది ఇంగ్లీషు కోసం పుట్టింది, యథాతథంగా మనకు పనికిరాదు. మన వరస మనమే వేసుకోవాలి. నేనైతే అక్క, బుగ్గ, అట్ట లాంటి ద్విత్వాలతో మొదలుపెట్టమంటాను; వాటి ఒత్తుల్లో అసలు అక్షరం పోలిక కనిపిస్తుంది. అమ్మ, అన్న ఆ తర్వాత. సంయుక్తాలు ఇంకా తర్వాత. మధ్యమధ్య ‘మిస్తో’, ‘దక్పి’ లాంటి అర్థంలేని మాటలు చదివించాలి. పాఠం కంఠస్థం చేసి నెట్టుకొస్తున్న పిల్లలు అక్కడే ఆగుతారు, అప్పుడే వాళ్ల అవసరం బయటపడుతుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం కూడా ఉంది; డిస్లెక్సియా అందులోదే. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి దొరుకుతారు. మంచిదే. కానీ మూడో తరగతి పిల్లకు ముందు కావలసింది చదవడం.

మన శిక్షణలు చాలావరకు ఒకటి రెండు రోజుల్లో, తెర మీద బొమ్మలతో ముగిసిపోతాయి. ఆ తర్వాత టీచర్ తరగతిలో ఒంటరి. బోధన చేత్తో చేస్తూ, పక్కన తెలిసినవాళ్లు సరిదిద్దుతుంటేనే పట్టుబడుతుంది. అందుకే మండల విద్యాధికారులను ఒక్కటి అడుగుతున్నాను. కొత్త కరదీపికలు తర్వాత చూద్దాం. ప్రతి బడి టైంటేబుల్‌లో ఒక అరగంట కేటాయించండి. టీచర్ ఒక్క పిల్లవాడితో పనిచేస్తుంటే, అనుభవం ఉన్న మరో టీచర్ పక్కన కూర్చుని చూసే అరగంట.