రాయితో నునుపెక్కిన గోడ

మొరాకోలోని మరాకెష్ పాతబస్తీలో అతిథులకు బసగా మారిన రియాద్ ఇల్లు వీధికి ఏమీ చూపించదు. మట్టిరంగు గోడ, అందులో ఒక తలుపు. తలుపు తోసి లోపలికి అడుగుపెట్టినా ఇల్లు కనబడదు, సన్నటి నడవ ఒకటి మలుపు తిరుగుతుంది. ఆ మలుపు దాటాకే ఆకాశం, నారింజ చెట్లు, మధ్యలో నీళ్ళ తొట్టి, చుట్టూ నాలుగైదు గదులు. వీధి చూపూ వీధి చప్పుడూ తిన్నగా లోపలికి రాకుండా ఆపేది ఆ మలుపే. అక్కడి ప్రశాంతత అలంకారంతో వచ్చింది కాదు, మేస్త్రి గీతతో వచ్చింది.

ఆ నగరాన్ని 11వ శతాబ్దంలో అల్మొరావిద్ రాజులు కట్టారు. 1985లో పాతబస్తీ యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఉత్తరాంధ్ర తీరాన ఉద్దానం గాలి పీల్చేవాళ్ళం మనం దాని గురించి ఎందుకు మాట్లాడుకోవాలి? బారువ తీరానికి, అక్కుపల్లి శివసాగర్ తీరానికి, టెక్కలి దగ్గర తేలినీలాపురం కొంగల కోసం జనం వస్తూనే ఉన్నారు. వాళ్ళకోసం రేపు ఎవరైనా ఒక మంచి బస కడితే మొరాకో నుంచి తెచ్చుకోవలసింది పనితనం. రంగుల బొమ్మలు తర్వాత.

రియాద్ స్నానాల గదిలో గోడ మీద చెయ్యి పెట్టి చూడాలి. అది టైలు కాదు, పాలరాయి కాదు, నూనెరంగూ కాదు. ఎక్కడా అతుకు తగలదు. తాదెలక్త్ అంటారు ఆ పూతను. ముడిసరుకంతా సున్నమే. మరాకెష్ చుట్టుపక్కల సున్నపురాయిని కాల్చి, నీళ్ళలో నాననిచ్చి, రంగుమట్టి కలిపి గోడకు పట్టిస్తారు. కొయ్యపలకతో అదుముతారు. పూత పూర్తిగా ఆరకముందే అరచేతిలో ఇమిడే నున్నటి ఏటిరాయితో రుద్దడం మొదలుపెడతారు. తొందరపడితే పూత లేచొస్తుంది, ఆలస్యమైతే మెరుగెక్కదు. సరైన అదను పనివాడి చేతికే తెలుస్తుంది. ఆ తర్వాత ఆలివ్ నూనెతో చేసిన నల్లసబ్బును నీళ్ళలో కలిపి పూసి, మళ్ళీ రాయితో రుద్దుతారు. సబ్బులోని కొవ్వు ఆమ్లాలు సున్నంలోని కాల్షియంతో కలిసి నీటికి కరగని పొరగా మారతాయి. అందుకే ఆ గోడలోకి నీళ్ళు దిగవు. హమ్మాముల గోడలకూ నీళ్ళు నిలవచేసుకునే తొట్లకూ వాడుతూ వచ్చిన పూత ఇది. సున్నం, సబ్బు, రాయి, ఓపిక: ఈ నాలుగింటితో నీళ్ళను ఆపగలగడం నాకు గొప్ప విద్యగా తోస్తుంది.

మన డంగు సున్నపు గచ్చు దీనికి దగ్గరి చుట్టం. గుల్లలు కాల్చిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రాతిచక్రం కింద నలిపేవారు. బెల్లం నీళ్ళు, కరక్కాయ ఊరవేసిన నీళ్ళు కలిపేవారు, మేలైన పైపూతకు కోడిగుడ్డు తెల్లసొన కూడా పడేది. దానికీ చివరి మెరుగు నున్నటి రాయిదే. సముద్రం పక్కన ఈ పనికి విలువ ఇంకా ఎక్కువ. ఉప్పుగాలి కాంక్రీటులోని ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది, తుప్పు ఉబ్బి సిమెంటును పగలగొడుతుంది. తీరం వెంబడి పెచ్చులూడి చువ్వలు బయటపడ్డ శ్లాబులు చూడనివారు ఉండరు. చువ్వలు లేని సున్నపు గోడకు ఆ జబ్బు రాదు. అది తేమను పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది.

మళ్ళీ మొరాకోకి వస్తే, జెల్లీజ్ అనే పలకల పనిలో మరో ఆశ్చర్యం ఉంది. మెరుగుపూసి కాల్చిన మట్టిపలకల్ని పదునైన సుత్తితో నక్షత్రాలుగా, కోణాలుగా ఒక్కో ముక్కా చెక్కుతారు. వాటిని రంగువైపు కిందికి పెట్టి బోర్లా పేరుస్తారు. పేర్చేవాడికి కనిపించేది ముక్కల వీపులే, నమూనా మొత్తం అతని తలలో ఉండాలి. పైన గార పోసి, గట్టిపడ్డాక ఎత్తి నిలబెడితేనే రంగులు బయటపడతాయి. ఏ రెండు ముక్కలూ ఒకే వాలులో ఉండవు కనుక వెలుగు ఒక్కోదాని మీద ఒక్కోలా పడుతుంది. అదే బొమ్మను అచ్చు వేసిన టైలు గోడంతా అతికిస్తే ఆ వెలుగు రాదు, బొమ్మ మాత్రమే వస్తుంది.

అయితే రియాద్‌ను ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి ఉద్దానంలో దించితే చెడుతుంది. మరాకెష్‌లో ఏడాదికి పాతిక సెంటీమీటర్ల వాన కూడా గగనం, గాలి పొడి. అక్కడ నడిమి తొట్టిలో నీళ్ళు ఆవిరవుతూ ఇంటిని చల్లబరుస్తాయి. మనకు వాన నూరు సెంటీమీటర్లు దాటుతుంది, గాలిలోనే నీళ్ళుంటాయి. ఇక్కడ చల్లబరిచేది సముద్రం మీది గాలి ఒక్కటే. గోడ కట్టి దాన్ని ఆపితే అతిథి ఉక్కపోతతో వేగిపోతాడు. మన మండువా లోగిలి ఈ సంగతి ఎరిగి కట్టినది. నాలుగు వైపుల పెంకుల కప్పూ లోపలికి వాలి వాననీటిని నడిమి గుంటలోకి వదులుతుంది, తూము దాన్ని బయటికి పంపుతుంది. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా గాలికి దారి ఉంటుంది. వీధివైపు అరుగు ఉంటుంది, దారినపోయేవాళ్ళు కూర్చోవడానికి. రియాద్ దాచుకున్నది మండువా పంచిపెడుతుంది. ఈ ఒక్క విషయంలో నా ఓటు మనవాళ్ళకే.

ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు ఇంకా మెచ్చుకోదగ్గది. గుండ్రటి మట్టిగోడను వరసలు వరసలుగా, ఒక వరస ఆరాక మరొకటి చేత్తో మెత్తి లేపుతారు. పైన తాటాకు కప్పు, చూరు నేలకు బాగా దగ్గరగా దిగుతుంది. కొట్టడానికి గాలికి మూల దొరకదు, లేపడానికి చూరు దొరకదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. అలాంటి గాలుల్ని తరాల తరబడి చూసినవాళ్ళు ఎంచుకున్న ఆకారం అది.

కొయ్య సంగతీ అంతే. మొరాకోలో తలుపులకూ పైకప్పులకూ అట్లాస్ కొండల దేవదారు వాడతారు. ఉద్దానంలో పనస ఉంది. బొబ్బిలి వీణ కుండను తొలిచేది పనస దుంగలోంచే, అంత నమ్మకమైన కొయ్య. జీడిపిక్కల పెంకు నుంచి తీసే నూనె పూస్తే చెద దగ్గరకు రాదు. ఆ పిక్కలకు పలాసలో ఏ లోటూ లేదు.

లోటు కూలి లెక్కలోనే. ఉద్దానం తాపీమేస్త్రులు ఊరుగాని ఊళ్ళలో అంతస్తులు లేపుతున్నారు. వాళ్ళను పిలిపించి గోడ పూతను చదరపు అడుగుల చొప్పున గుత్తకిస్తే రాయి పట్టే ముందే పని ముగించి వెళ్ళిపోతారు, అందులో వాళ్ళ తప్పూ ఉండదు. రోజుకూలి మీద పెట్టుకుని, ముందు ఒక చిన్న గోడను నమూనాగా పూయించి, అది ఆరేదాకా ఆగి, నచ్చకపోతే గీకేయించి మళ్ళీ పూయించే యజమాని కావాలి. మరాకెష్‌లో మంచి రియాద్‌లన్నీ అలాంటి యజమానులు డబ్బు పెట్టి, గడువు వదిలేసి కట్టించుకున్నవే.