మనం అంటే ఎవరెవరం?

పోయిన వేసవి సెలవుల్లో ఒక ఇంగ్లీషు పుస్తకంలోంచి ఓ అధ్యాయాన్ని తెలుగు చేద్దామని కూర్చున్నాను. హోప్ జారెన్ 2020లో ప్రచురించిన 'ద స్టోరీ ఆఫ్ మోర్'. ఎం.ఏ. పిల్లలకి పర్యావరణం, సాహిత్యం అని కొత్తగా ఒక పేపరు పెట్టారు. తెలుగులో చదివించడానికి ఏమీ దొరకడం లేదు, నువ్వేమైనా చేసిపెడతావా అని ఆ పాఠం చెప్పే స్నేహితురాలు అడిగితే సరేనన్నాను. నాలుగు రోజుల పని అనుకున్నాను. మొదటి పేజీలోనే ఆగిపోయాను. ఆపింది సైన్సు పదమేదీ కాదు. ఆ పదాలకి నిఘంటువులున్నాయి, లేకపోతే అడగడానికి మనుషులున్నారు. నన్ను ఆపింది 'వుయ్' అనే చిన్న మాట.

ఇంగ్లీషులో అది ఒక్కటే. మన భాషలో రెండున్నాయి. ఎదుటి మనిషిని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఈ తేడా తెలుసుకోవడానికి వ్యాకరణం చదవక్కర్లేదు. మేము ఊరెళ్తున్నాం అంటే మూడేళ్ళ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంటుంది, మనం ఊరెళ్తున్నాం అంటే చెప్పులు వెతుక్కుంటుంది. వాతావరణ మార్పు దాకా 'మనం' ఎలా వచ్చాం అన్న ప్రశ్న జారెన్ పుస్తకం ఉపశీర్షికలోనే ఉంది. ఆ మనంలో నేనున్నానా? ఈ పాఠం చదవబోయే పిల్లలున్నారా? వాళ్ళలో కొందరి తల్లులు వేరేవాళ్ళ పొలాల్లో కూలికి పోతారు. వాళ్ళో? అనువాదం చేసేటప్పుడు తప్పించుకునే దారి ఉండదు, ఏదో ఒకటి రాయాలి. ఈ వ్యాసం ఆ తడబాటులోంచి వచ్చింది.

జారెన్ అమెరికాలోని మిన్నెసోటాలో 1969లో పుట్టిన భూజీవ శాస్త్రవేత్త. ఆమె మొదటి పుస్తకం 'ల్యాబ్ గర్ల్' (2016) మీలో కొందరు చదివే ఉంటారు. అది ఆత్మకథ. ఒక అధ్యాయంలో విత్తనమో వేరో ఆకో ఉంటే, తర్వాతి అధ్యాయంలో ఆమె జీవితం. తండ్రి పాఠాలు చెప్పే కాలేజీ ల్యాబులో ఆడుకున్న బాల్యం, చదువుకుంటూ ఆసుపత్రి ఫార్మసీలో చేసిన ఉద్యోగం, గ్రాంటు డబ్బులు ఎప్పుడు అయిపోతాయో తెలియని భయం, మానసిక అనారోగ్యం, గర్భంతో ఉన్నప్పుడు తన ల్యాబులోకి తననే రావద్దన్న అవమానం అన్నీ దాచకుండా చెబుతుంది. నాకు బాగా గుర్తుండిపోయింది హ్యాక్‌బెర్రీ గింజ సంగతి. ఆ గింజ గట్టి పెంకులో ఒపల్ ఉందని పరికరం చూపించిన తెల్లవారుజామున, ప్రపంచంలో ఆ విషయం తెలిసిన మనిషిని ప్రస్తుతానికి నేనొక్కదాన్నే అనుకుంటూ ఆమె కిటికీ దగ్గర నిలబడుతుంది.

శాస్త్ర పత్రాల భాషలో ఇది జరగదు. అక్కడ మట్టి సేకరించబడుతుంది, నమూనా విశ్లేషించబడుతుంది. సేకరించిన చెయ్యి ఎవరిదో తెలియదు. ఆ కర్మణి వాక్యాల్లోంచి జారెన్ 'నేను'ని బయటికి లాగింది. ఇంటిపనిని శ్రమ అని పిలవడానికి మనం పడ్డ పాట్లు గుర్తున్నవాళ్ళకి ఇది చిన్న విషయం కాదని తెలుసు. ఒక సందేహం మాత్రం నాకు తీరలేదు. ఆమె పక్కనే బిల్ ఉంటాడు. తక్కువ జీతానికి, కొన్నాళ్ళు ఇల్లు కూడా లేకుండా తన వ్యాన్‌లోనే ఉంటూ, ఆ ల్యాబుని నడిపినవాడు. పుస్తకం అతన్ని ప్రేమగా చూస్తుంది. కానీ ఆ జీతం సంగతిని స్నేహం కథగా చెప్పి ముందుకి వెళ్ళిపోతుంది. శ్రమని ప్రేమ పేరుతో పిలవడం గురించి మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

'ద స్టోరీ ఆఫ్ మోర్'లో 'నేను' వెనక్కి తగ్గి 'వుయ్' ముందుకొస్తుంది. తను పుట్టిన దగ్గర్నుంచి ప్రపంచంలో తిండి, కరెంటు, ప్రయాణాలు, చెత్త ఎంతెంత పెరిగాయో అంకెల్లో చెబుతుంది. తక్కువ వాడుకుందాం, ఉన్నది పంచుకుందాం అన్నది సారాంశం. సంపన్న దేశాలే ఎక్కువ వాడాయన్న సంగతిని ఆమె దాచలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చింది. అయినా వాక్యం వెనక వాక్యం వస్తుంటే 'వుయ్' మెల్లగా పాకుతుంది. ఒక పేరాలో అమెరికన్లు, తర్వాతి పేరాలో మానవజాతి. ఇంగ్లీషులో ఆ గీత కనపడదు. తెలుగులో మేము దగ్గర మొదలుపెట్టి మనం దగ్గర తేలేసరికి మధ్యలో ఎక్కడో ఒకచోట నాకు తెలియకుండా ఎవరో నా పేర ఖాతా తెరిచినట్టనిపించింది.

జనాభా గురించి రాసిన చోట ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువైంది. స్త్రీలకి చదువు, ఆరోగ్యం, అవకాశాలు సమానంగా దొరికితే జనాభా పెరుగుదల తగ్గుతుందని జారెన్ అంటుంది. నిజమే కావచ్చు. కానీ ఆడపిల్ల చదువుకి కారణం ఆ ఆడపిల్లే అయి ఉండాలి కదా! 1994లో కైరో జనాభా సదస్సు నాటికే స్త్రీల ఉద్యమాలు లక్ష్యాలు కాదు, హక్కులు ముఖ్యమని పోట్లాడాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల టార్గెట్లు ఎవరి కడుపుల మీద పూర్తయ్యాయో మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. జారెన్‌కి అలాంటి ఉద్దేశం లేదని నాకూ తెలుసు. ఆమె వాక్యానికి మాత్రం ఆ చరిత్ర తెలిసినట్టు లేదు.

ఇక తిండి అధ్యాయాలు. అక్కడ దిగుబడి ఉంది, ఎరువు ఉంది, పశువుల దాణా ఉంది. వంగిన నడుము నాకు కనిపించలేదు. ఇది ఆమె ఒక్కదాని లోపమా, ఈ రకం రచనకే ఉన్న లోపమా అని ఆలోచిస్తుండగా నా హాస్టల్ స్నేహితురాలు గుర్తొచ్చింది. మట్టి శాస్త్రం చదివి వ్యవసాయ పరిశోధనలో పనిచేస్తోంది. వరి మడిలోంచి మీథేన్ ఎంత వస్తుందో కొలవడం ఆమె పనుల్లో ఒకటి. నల్గొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద మా ఊరికి దగ్గర్లోనే ఒక రైతు పొలంలో కొలతలు తీస్తోందంటే, ఒక ఉదయం వెంట వెళ్ళాను.

నీళ్ళు నిలిచిన మడిలో మట్టికి గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు అక్కడ కుళ్ళే సేంద్రియ పదార్థంలోంచి మీథేన్ తయారు చేస్తాయి. అది ఎక్కువ భాగం బుడగలుగా రాదు, వరి మొక్క కాడలో ఉండే గాలి గదుల్లోంచి పైకొస్తుంది. వేళ్ళకి ప్రాణవాయువు దిగే దారే దానికీ దారి. వందేళ్ళ లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు వేడి పుట్టించే వాయువిది. నా స్నేహితురాలు దుబ్బుల మీద పారదర్శకంగా ఉన్న పెట్టె బోర్లించి, కొన్ని నిమిషాలకొకసారి సిరంజితో లోపలి గాలి తీసి, చిన్న సీసాల్లో నింపి, నోటుబుక్కులో టైము రాసుకుంటోంది. ఒడ్డు నుంచి పెట్టె దాకా చెక్క పలక వేశారు. ఎందుకని అడిగితే, మడిలో అడుగేస్తే బురదలోంచి బుడగలు లేచి లెక్క చెడిపోతుందంది. అంటే నాట్లేసేవాళ్ళూ కలుపు తీసేవాళ్ళూ లేని మడిలోనే లెక్క సరిగ్గా వస్తుందన్నమాట. పద్ధతి ప్రకారం అది సరే. నాకు మాత్రం ఆ పలక మనసులో ఉండిపోయింది.

పక్క మడిలో కలుపు తీస్తున్న ఒకామె నడుం నిలబెట్టుకుని, "బిడ్డా, గా డబ్బల గాలి వట్టి ఏం జేస్తరు?" అని అడిగింది.

"ఎంత వస్తుందో చూసి లెక్క రాస్తమవ్వా."

"ఎవరి లెక్కల?"

"దేశం లెక్కల."

ఆమె నవ్వింది. "మా కూలి లెక్క సక్కగ రాసెటోడు లేడు. గాలి లెక్క రాస్తున్రా!"

ఈ గాలి లెక్కకి పెద్ద చరిత్రే ఉంది. 1990లో వాషింగ్టన్‌లోని ఒక సంస్థ, వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, భూమి వేడెక్కడానికి ఏ దేశం ఎంత బాధ్యురాలో జాబితా వేసి భారతదేశాన్ని పైవరసలో పెట్టింది. మన మడులూ పశువులూ వదిలే మీథేన్‌ని, అక్కడి కార్లు వదిలే పొగని ఒకే తక్కెడలో ఎలా తూస్తారని మరుసటి ఏడు ఢిల్లీ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న పుస్తకంతో ఎదురు ప్రశ్న వేశారు. బతకడానికి వదిలేది వేరు, విలాసానికి వదిలేది వేరు అన్నారు. 1992 రియో ఒప్పందంలో ఉమ్మడివే అయినా తేడాలున్న బాధ్యతలు అన్న సూత్రం వచ్చింది. తెలుగు వ్యాకరణంలో చెప్పాలంటే, మనం లోపల మేము, మీరు ఉన్నారని ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి. 2021లో గ్లాస్గోలో అమెరికా, యూరోపియన్ యూనియన్ కలిసి 2030 నాటికి మీథేన్‌ని 30 శాతం తగ్గిద్దామని ప్రతిజ్ఞ పెడితే భారత్ సంతకం చెయ్యలేదు. వరి, పశువులు మా చిన్న రైతుల బతుకు అన్నది మన వాదన.

ఆ వాదనతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ 'మా' దగ్గరే. బయట అంతర్జాతీయ వేదిక మీద మనల్ని కాపాడే కవచం నడుం వంచి నాటేసే స్త్రీ. లోపల, 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల్లో స్త్రీల పేర ఉన్నవి దాదాపు 14 శాతమే. పట్టా ఎవరి పేర ఉంటే వారే రైతు. భూమితో సంబంధం లేకుండా సాగు చేసే స్త్రీని రైతుగా గుర్తించాలని ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టింది 2012లో. 2013లో అది మురిగిపోయింది.

ఇప్పుడు మడిని ఎప్పుడూ ముంచి ఉంచకుండా తడుపుతూ ఆరబెడుతూ ఉండాలని చెబుతున్నారు. దానివల్ల మీథేన్ సగం వరకూ తగ్గుతుంది, నీళ్ళూ మిగులుతాయి. మంచిదే. కానీ మడిలో నీళ్ళు నిలబెట్టేది మొక్క దాహానికి మాత్రమే కాదు, కలుపు మొలవకుండా అణచడానికి కూడా. ఆరబెడితే కలుపు లేస్తుంది. ఆ కలుపు ఎవరు తీస్తారు? మా ప్రాంతంలో కలుపు ఆడవాళ్ళ పని. లేదంటే కలుపు మందు కొడతారు, అది మగవాళ్ళ చేతి పని. మొదటి దారిలో స్త్రీకి చాకిరీ పెరుగుతుంది, రెండోదాంట్లో కూలి పోతుంది. నేరుగా వెదజల్లితే నాట్లే ఉండవు. రోజంతా వంగి నాటేయడం, నీళ్ళలో నాని వేళ్ళ సందులు పుళ్ళు పడడం పోతే సంతోషమే. గుత్తకి నాట్లేసే జట్టుకి ఆ నెల రోజుల డబ్బు కూడా వాటితోపాటే పోతుంది. తగ్గించిన గాలికి రేపు కార్బన్ క్రెడిట్ అని డబ్బిస్తే అది చేరేది పొలం ఎవరిదో వాళ్ళ ఖాతాకి. ఇదంతా చెప్పి ఆరబెట్టొద్దు అనడం లేదు నేను. నీటి యాజమాన్యం అన్న రెండు మాటల్లో ఇన్ని చేతులు దాగి ఉన్నాయని అంటున్నాను. విధాన పత్రాల్లో మడి తానే ఆరబెట్టబడుతుంది.

ఇంతవరకూ రాసి, నేనెక్కడ నిలబడి మాట్లాడుతున్నానో చెప్పకపోతే అన్యాయం. ఆ ఊళ్ళో మాకూ పొలం ఉంది. నాన్న పేర ఉండేది, ఇప్పుడు అన్నయ్య పేర ఉంది. అమ్మ పేర గానీ నా పేర గానీ ఎప్పుడూ లేదు. అది నా స్త్రీవాద ఫిర్యాదు. కానీ ఒడ్డు మీద నిలబడి నాట్ల కూలీలకి అమ్మ లెక్క చెబుతుంటే పక్కన కూర్చుని చదువుకున్న పిల్లని నేనే. కూలి లెక్క సక్కగ రాసెటోడు లేడన్న మాట నా వీపుకి కూడా తగిలింది. తెలుగు స్త్రీవాదంలో 'మనం' మీద గొడవ ముందే జరిగింది. మీ అక్కచెల్లెళ్ళ బంధంలో మేమెక్కడని దళిత స్త్రీలు అడిగారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పుడు నేను ఇంకా విద్యార్థిని, సగం అర్థమై సగం కోపం వచ్చింది. కోపం ఎందుకొచ్చిందో అర్థం కావడానికి పదేళ్ళు పట్టింది. వాతావరణం గురించి రాసేవాళ్ళు ఇంగ్లీషు 'వుయ్' ఇచ్చే సౌకర్యంలో ఈ గొడవ పడకుండానే గడిచిపోతున్నారు. జారెన్‌ని అమెరికాలో ఎందరో శాస్త్రవేత్తలు, విమర్శకులు మెచ్చుకున్నారు. ఆమె పుస్తకాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మనం వేయగలిగిన ప్రశ్న బహుశా ఇదే, ఎందుకంటే దెబ్బలు తిని నేర్చుకున్న ప్రశ్న.

అధ్యాయం పూర్తి చేసి ఇచ్చాను. కొన్నిచోట్ల మేము అని, కొన్నిచోట్ల మనం అని, ఒకటి రెండుచోట్ల ధైర్యం చేసి వాళ్ళు అని కూడా రాశాను. ఆ మార్పుల గురించి చిన్న ముందుమాట పెట్టాను. రచయిత్రి మాటని నువ్వెలా మారుస్తావని ఒక విద్యార్థి క్లాసులో తగాదాకి దిగాడట. దిగాల్సిందే.

నా స్నేహితురాలి నోటుబుక్కు ఈ మధ్య చూశాను. మొదటి పేజీల్లో తేదీ, టైము, మట్టి వేడి, నీటి లోతు, సీసా నెంబరు అని గళ్ళు గీసి ఉన్నాయి. ఆ వానాకాలం పేజీల నుంచి అంచున పెన్సిలుతో వేరే లెక్క మొదలైంది. 'కలుపు, 9 మంది, ఒక పూట.' 'ఆరబెట్టాక రెండోసారి కలుపు, 11 మంది, పొద్దూకే దాకా.' ఇది పేపర్లో వేస్తావా అని అడిగాను. దీనికి మా టేబుల్లో గడి లేదే, అంది. యాసంగికి కొత్త నోటుబుక్కు తీస్తోంది. ఈసారి గళ్ళు తనే గీసుకుంటానంది.