వెంటపడే పాట

1983 మే నెలలో బ్రిటన్‌లో విడుదలైన ‘ఎవ్రీ బ్రెత్ యు టేక్’ అన్న పాట ఆ దేశపు జాబితాలో నాలుగు వారాలు, అమెరికాలోని బిల్‌బోర్డ్ జాబితాలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. పాడినది ‘ది పోలీస్’ అనే ముగ్గురు సభ్యుల న్యూవేవ్ బృందం. మరుసటి ఏడాది ఆ పాటకు ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ పురస్కారం వచ్చింది. తన పరిధిలోని పాటలన్నిటిలోకీ రేడియోలో అత్యధికంగా వినిపించినది ఇదేనని 2019లో బి.ఎం.ఐ. సంస్థ ప్రకటించింది, ఆ లెక్క దాదాపు కోటిన్నర సార్లు. పెళ్లి విందులో నవదంపతులు కలిసి ఆడే తొలి నృత్యానికి దీనిని ఎంచుకున్న జంటలెన్నో ఉన్నాయి.

ఇంతకూ పాటలో ఉన్నది, వదిలి వెళ్లిన స్త్రీని రేయింబవళ్లు కనిపెట్టి ఉంటాననీ, ఆమె తనదేననీ చెప్పే ఒక పురుషుడి స్వగతం. మంగళవాద్యాల పక్కన దీనికి చోటెలా దొరికింది?

రచయిత స్టింగ్ ఈ పాటను 1982లో జమైకాలో రాశాడు. ఇయన్ ఫ్లెమింగ్ జేమ్స్ బాండ్ నవలలు రాసుకున్న ‘గోల్డెన్ ఐ’ అనే ఇంట్లో అప్పుడు అతని బస. మొదటి భార్యతో కాపురం విచ్ఛిన్నమవుతున్న రోజులవి. అర్ధరాత్రి మెలకువ వచ్చి, మనసులో మెదిలిన ఒక వాక్యం పట్టుకుని, పియానో ముందు కూర్చుని అరగంటలో పాట పూర్తి చేశానని అతడు చెప్పుకున్నాడు. ఓదార్పు పాటగా అనిపించినది ఎంత భయానకమైనదో ఆ క్షణాన తనకే తెలియలేదనీ, నిఘా, ఆధిపత్యం, ఆర్వెల్ చెప్పిన ‘పెద్దన్న’ తన మనసులో ఉన్నాయనీ తరువాతి ఇంటర్వ్యూలలో అన్నాడు. ఇది తమ పెళ్లి పాట అని వచ్చి చెప్పే దంపతులను చూసి అతడు విస్తుపోయేవాడు. గూఢచారి కథలు పుట్టిన ఇంట్లోనే నిఘా పాట పుట్టిందన్న ముచ్చట విలేకరులకు ప్రీతిపాత్రం. పాటను అర్థం చేసుకోవడానికి అది పెద్దగా అక్కరకు రాదు.

అక్కరకు వచ్చేది మాంట్‌సెరాట్ దీవిలోని ‘ఎయిర్’ స్టూడియోలో జరిగినది. బృందం అప్పటికే చీలిపోయే దశలో ఉంది. స్టింగ్‌కూ డ్రమ్మర్ స్టూవర్ట్ కోప్లండ్‌కూ పొసగేది కాదు. పాట ఎటూ తేలక అటకెక్కబోతున్నప్పుడు గిటారిస్టు ఆండీ సమర్స్‌ను పిలిచి నీకు తోచినట్టు చేయమన్నారు. అతడు తీగలను అరచేతి అంచుతో సగం అణచిపెట్టి, ఒక్కొక్క స్వరాన్నే విడిగా మీటుతూ, మామూలు మేళనానికి తొమ్మిదో స్వరాన్ని జోడించి, ఒక్క విడతలో వాయించేశాడు. బార్తోక్ సంగీతంతో అప్పట్లో తనకున్న సాంగత్యం అందుకు తోడ్పడిందని అతడే రాసుకున్నాడు. రచనలో అతనికి పేరు దక్కలేదు. ఈనాడు మొదటి రెండు క్షణాల్లోనే పాటను గుర్తుపట్టించేది మాత్రం ఆ గిటారే.

పాటకు పునాదిగా ఉన్న స్వరమేళనాల వరుస 1950ల నాటి అమెరికన్ ప్రేమగీతాలది. వందల ప్రణయగీతాలు నడిచి నలిగిన బాట అది. మాట వినకముందే చెవి దానిని ప్రేమగా పోల్చుకుంటుంది. ఆ పైన గిటారు గతి ఎక్కడా తగ్గదు, పెరగదు, తడబడదు. అలసట ఎరుగని ఆ నడకను స్థిరమైన అనురాగమని వినవచ్చు. రాత్రివేళ వెనుక నుంచి ఒకే దూరంలో వినవచ్చే అడుగుల చప్పుడనీ వినవచ్చు. మధ్యలో ఒక చోట మాత్రం గొంతు పైకి లేచి దుఃఖిస్తుంది. వినేవారు కరిగేది అక్కడే. వేధించేవాడికి తాను బాధితుణ్ణన్న నమ్మకం ఎంత దృఢంగా ఉంటుందో ఆ చరణం చూపినంత బాగా వైద్యగ్రంథాలూ చూపలేవు.

శ్రోతలు సరిగా వినలేదని సరిపెట్టడం విమర్శలో వాడుక అయిపోయింది. అది సగమే నిజం. పాటలో ఉన్నది ఒకే గొంతు. ఆమె ఏమన్నదో, ఎందుకు వెళ్లిందో, ఇప్పుడెలా ఉన్నదో తెలిపే మాట ఒక్కటీ లేదు. నిరాకరణ వినబడని చోట నిరాకరణను ధిక్కరించడం కూడా వినబడదు. తరువాత ఇంటర్వ్యూలలో ఇచ్చిన వివరణ రచనలోని ఈ ఖాళీని పూరించదు. 1985లో స్టింగ్ తన తొలి సొంత ఆల్బమ్‌లో, ప్రేమించినవారిని స్వేచ్ఛగా వదిలేయమని చెప్పే మరో పాట రాశాడు. మొదటిదానికి అది విరుగుడు అన్నాడు. విరుగుడు మందు విషమంత అమ్ముడుపోలేదు.

ఆ పాట రాజ్యమేలిన మరుసటి ఏడాదే, 1984లో, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఒక వ్యవహారం మొదలైంది. ఈనాడు వేలాది తెలుగు కుటుంబాలున్న ఆ ఊరు అప్పుడు రక్షణరంగ కంపెనీల ఊరు. అందులో ఇ.ఎస్.ఎల్. ఒకటి. తరువాత అమెరికా రక్షణమంత్రి అయిన విలియం పెర్రీ 1964లో స్థాపించిన ఈ సంస్థ పని శత్రుదేశాల సంకేతాలను పసిగట్టి విశ్లేషించడం. అక్కడి సాంకేతిక ఉద్యోగి ఒకడు సహోద్యోగినిని తనతో బయటికి రమ్మని అడిగాడు. ఆమె కుదరదంది. అతడు దాదాపు నాలుగేళ్లపాటు ఉత్తరాలు రాశాడు, ఫోన్లు చేశాడు, ఆమె ఇల్లు మారినప్పుడల్లా కొత్త చిరునామా కనుక్కున్నాడు, చివరికి ఆమె వెళ్లే వ్యాయామ తరగతికీ వచ్చాడు. 1986లో కంపెనీ అతణ్ణి తొలగించినా వేధింపు ఆగలేదు. 1988 ఫిబ్రవరి మొదటి వారంలో ఆమె కోర్టుకు వెళ్లి, అతడు తన దరికి రాకూడదన్న తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకుంది. తుది విచారణ ఫిబ్రవరి 17న జరగవలసి ఉంది. 16న అతడు తుపాకులతో ఇ.ఎస్.ఎల్. భవనంలోకి చొరబడి ఏడుగురిని చంపి, ఆమెతో సహా నలుగురిని గాయపరిచాడు. ఆమె బతికింది. 1992లో అతనికి మరణశిక్ష పడింది.

పాటకూ ఈ హత్యలకూ కార్యకారణ సంబంధం అంటగట్టడం పొరపాటు. రెండూ ఒకే కాలపు గుడ్డితనాన్ని చూపుతాయన్నంత వరకే పోలిక. ఆ నాలుగేళ్లలో అతడు చేసినదంతా కలిపి నేరమని చెప్పడానికి చట్టంలో మాట లేదు. ఉత్తరం రాయడం నేరం కాదు. వీధిలో నిలబడడమూ కాదు. 1989లో లాస్ ఏంజెలెస్‌లో ఒక యువనటిని ఆమె అభిమానే వెంటాడి చంపిన తరువాత, 1990లో కాలిఫోర్నియా దేశంలోనే తొలి ‘స్టాకింగ్’ చట్టం చేసింది. వైద్యం ఈ విషయంలో చట్టం కన్నా ముందే మేల్కొంది, కానీ అంచునే పట్టుకుంది: ఎదుటివ్యక్తి తనను ప్రేమిస్తున్నారన్న భ్రాంతిని ఫ్రెంచి మనోవైద్యుడు క్లెరాంబో 1921లోనే వర్ణించాడు. అయితే వెంటాడేవారిలో ఆ భ్రాంతి గలవారు కొందరే. 1999లో ఆస్ట్రేలియాలో పాల్ ముల్లెన్ బృందం చేసిన వర్గీకరణలో ఐదు రకాల వారున్నారు. వారిలో తిరస్కారాన్ని విని, అర్థం చేసుకుని, అంగీకరించనివారు ఒక ముఖ్యమైన తెగ. పాటలోని పురుషుడు ఆ తెగవాడే.

తెలుగు పాఠకుడికి ఇది దూరపు సంగతి కాదు. తెలుగులో ‘వెంటపడడం’ అన్న మాట సినిమా పుణ్యమా అని ప్రేమకు పర్యాయపదమైంది. 2004లో వచ్చిన ‘ఆర్య’ కథానాయకుడు, మరొకరితో ఉన్న అమ్మాయిని తన ప్రేమను అనుభూతి చెందమంటూ వదలకుండా తిరిగి, చివరికి గెలుస్తాడు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై ఆమ్లదాడి జరిగింది; ఒకరు మరణించారు. భారత శిక్షాస్మృతిలో వెంటాడడం నేరంగా చేరడానికి 2013 దాకా ఆగవలసివచ్చింది. 2015లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ఇద్దరు స్త్రీలను వెంటాడిన ఒక భారతీయుడి తరఫు న్యాయవాది, తన కక్షిదారు హిందీ సినిమాలు చూసి అది మామూలే అనుకున్నాడని వాదించి, శిక్ష తప్పించగలిగాడు.

ఆ సినిమాలకు చాలా ముందే తెలుగులో దీనికి వేరొక నమూనా ఉంది. వేధించేవాణ్ణి తెలుగు పత్రికలు నేటికీ కీచకుడనే అంటాయి. విరాటపర్వంలో తిక్కన కీచకుడి విరహానికి ఏ లోటూ చేయలేదు. వాడి తాపాన్నీ నిట్టూర్పులనూ నిండు శృంగార సంప్రదాయంలో, స్టింగ్ తన నాయకుడి దుఃఖాన్ని చూపినట్టే, మనసుపెట్టి వర్ణించాడు. అయినా ఎనిమిది వందల ఏళ్లకు చేరువవుతున్నా ఆ పద్యాలను ఎవరూ ప్రేమపద్యాలుగా పెళ్లిపందిట్లో చదవలేదు. ఎందుకంటే ద్రౌపది సమాధానం పక్కనే ఉంది. తెలుగు మాధ్యమంలో చదువుకున్న తరాలకు కంఠతా వచ్చిన ఆ పద్యంలో ఆమె వాడికి తన భర్తల బలమెంతో, వాడి చావెలా ఉంటుందో చెబుతుంది. ఆ తరువాత కొలువులో అందరి ఎదుటా వాడు ఆమెను తన్నినప్పుడు బావమరిదిని గట్టిగా మందలించలేని విరాటుడినీ తిక్కన దాచలేదు.

1963 నాటి ‘నర్తనశాల’లో ఎస్.వి. రంగారావు కీచకుడిని ఎంత ఠీవిగా, ఎంత ఆకర్షణీయంగా పోషించాడంటే, జకార్తా చలనచిత్రోత్సవంలో ఆ నటనకు బహుమతి వచ్చింది. ఆ సన్నివేశాల్లో అతని ఎదుట సావిత్రి ఉంది. ప్రేక్షకుడు అతణ్ణి చూసి ముగ్ధుడై, ఆ వెంటనే ఆమె ముఖం చూస్తాడు. గాడ్లీ, క్రీమ్ అనే జంట దర్శకులు ‘ఎవ్రీ బ్రెత్ యు టేక్’ కోసం నలుపు తెలుపుల్లో తీసిన వీడియోలో స్టింగ్ ముఖం ఉంది, వాద్యగాళ్లు ఉన్నారు, కిటికీ అద్దాలు తుడిచే మనిషి కూడా ఉన్నాడు. ఎవరిని ఉద్దేశించి ఆ పాట సాగుతుందో ఆ స్త్రీ ఎక్కడా కనబడదు.