లేడిని అడిగిందెవరు?

మా రావులపాలెంలో కొట్టు ముందు నిలబడి ఎవరూ మేకమాంసం అని అడగరు. ‘వేట మాంసం’ అంటారు. గోదారి మీద వల వేసేవాళ్ళు వెళ్ళేది ‘వేటకి’. అమ్మవారి జాతరలో కొట్టేదీ ‘వేట’నే. అరటితోటలూ కొబ్బరితోటలూ తప్ప కనుచూపు మేరలో అడవి లేదు, ఏ ఇంటి దూలానికీ విల్లు వేలాడదు, మాట మాత్రం మిగిలిపోయింది. వేటకు సంబంధించి ఇంకో మాట కూడా మా వైపు మిగిలింది. ఆడది నోరు తెరిచి ఏదైనా కావాలంటే ‘బంగారు లేడిని అడిగింది’ అనడం. నేను ఆ మాటను పుస్తకంలో చదవకముందే మా పెద్దమ్మ గురించి విన్నాను.

నలభై ఏళ్ళ కిందటి సంగతి. పెద్దమ్మ కడుపుతో ఉంది. శ్రావణమాసం, గోదారికి ఎర్రనీరు వచ్చింది. పులస తినాలని ఉందని అంది. పెదనాన్న ఆ రోజు లంక వైపు వెళ్ళారు, తిరిగొచ్చేటప్పుడు పడవ బోల్తా పడింది. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత చెప్పుకుని నవ్వుకునే ఊరు మాది. ఆ ఊరే పెద్దమ్మను చూసి, అడిగి మరీ పుస్తెలు తెంపుకుంది అంది. ‘సీతమ్మంతటిదానికే తప్పలేదు’ అని ఓదార్చినవాళ్ళూ ఉన్నారు. ఓదార్పులో కూడా నేరం ఆమెదే! అప్పటి నుంచి ఆమె పులస ముట్టలేదు. పులస ఒక్కటే కాదు, నాకు తెలిసి ఇంట్లో ఎవరినీ ఏదీ అడగలేదు. పండక్కి చీర ఏ రంగు కావాలన్నా ‘మీ ఇష్టం’ అంటుంది.

రెండేళ్ళ కిందట జూన్ మొదట్లో ఇంటిల్లిపాదీ భద్రాచలం బయల్దేరాం. వ్యాను తోలుతున్నది మా అన్నయ్య, అప్పుడు పెద్దమ్మ కడుపులో ఉన్నవాడు. రాజమండ్రి, రంపచోడవరం దాటి, మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగి చింతూరు వైపు వెళ్తుంటే రోడ్డుకు అడ్డంగా తాడు. పదిహేనుమంది కోయ ఆడవాళ్ళు. పాటలు, నవ్వులు. డబ్బులిస్తేగాని తాడు దించరు. అన్నయ్య విసుక్కున్నాడు, పెద్దమ్మ మాత్రం కిటికీ అద్దం దించింది.

భూమి పండుగ రోజులవి. తొలకరికి ముందు భూమికి మొక్కి, విత్తనాలను పూజించి, మగవాళ్ళు విల్లంబులతో అడవిలోకి వెళ్తారు. ఆడవాళ్ళు దారి కాస్తారు. వచ్చిన డబ్బు పండుగ ఖర్చుకి. వేటకు వెళ్ళి ఉత్తచేతులతో తిరిగొచ్చినవాణ్ణి ఎగతాళి పట్టించే హక్కు కూడా ఆడవాళ్ళదే. విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగలోనూ ఇదే పద్ధతి.

“మగోళ్ళేరమ్మా?” అని పెద్దమ్మ అడిగింది.

“కొండెక్కారు.”

“మీరే పంపారా?”

“మేం తోలకపోతే కదుల్తారా? ఉత్త చేతుల్తో రానియ్, చెప్తాం వాళ్ళ పని!” అని ఒక ముసలామె పెద్దగా నవ్వింది. ఏమైనా దొరుకుతుందా అంటే, “ఎక్కడమ్మా, ఫారెస్టోళ్ళు లేరూ” అంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక లేడిని కొట్టడం నేరం. పాపికొండల అడవి 2008లో జాతీయ ఉద్యానవనం కూడా అయింది. ఆ చట్టం ఉండవలసిందే అని నేననుకుంటాను. అడవిని లారీలకెత్తినవాళ్ళ మీద కన్నా విల్లు పట్టినవాడి మీద అది ఎందుకు త్వరగా పడుతుందన్నది వేరే వ్యాసం.

మర్నాడు పర్ణశాల. గోదావరి ఒడ్డున బొమ్మలు పెట్టారు. కుటీరం, సీత, లేడి, భిక్షువు వేషంలో రావణుడు. మా వెనక నిలబడ్డ యాత్రికుడొకాయన పదేళ్ళ కూతురికి కథ చెబుతున్నాడు. “చూశావా, సీతమ్మ లేడి కావాలని పేచీ పెట్టింది కదా, అందుకే ఇదంతా.” పెద్దమ్మ అక్కణ్ణించి పక్కకు వెళ్ళి నీళ్ళ వైపు తిరిగి నిలబడింది.

ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతూ నేనూ ఆ కథను దాదాపు ఆ యాత్రికుడు చెప్పినట్టే చెప్పాను. ఇంటికి వచ్చి అరణ్యకాండ మళ్ళీ తీశాను. ఈసారి కుటీరంలో వంట చేసే మనిషి వైపు నుంచి చదివాను.

అలా చదివితే మొదట కనిపించేది, లేడి వేట ఆ ఇంట్లో కొత్త విషయం కాదని. వనవాసం మొదలైన రోజుల్లోనే అన్నదమ్ములు మృగాలను కొట్టి తెచ్చుకోవడం అయోధ్యకాండలో ఉంది. రావణుడు గుమ్మంలో నిలబడ్డప్పుడు (నలభై ఏడో సర్గ) సీత అతిథిని కూర్చోమంటూ ఏం చెప్పిందో చూడండి. నా భర్త ఇప్పుడే వస్తాడు, జింకలనూ ఉడుములనూ పందులనూ కొట్టి కావలసినంత మాంసం తెస్తాడు అంటుంది. ఇది రోజూ భర్త వేటకు వెళ్తే పొయ్యి దగ్గర ఎదురుచూసే ఇల్లాలి మాట. మన పౌరాణికులు, సినిమాలు ఈ వంటింటిని కందమూలాలతో నింపేశాయి. కందమూలాలు తినే ఇంట్లో ఒక్క లేడిని అడిగితే అది విపరీతమైన కోరికలా కనిపిస్తుంది మరి. వాల్మీకి ఇంట్లో అలా కనిపించదు.

నలభై మూడో సర్గలో సీత అడిగేది రెండు రకాలుగా. ప్రాణంతో దొరికితే పెంచుకుందాం, అయోధ్యకు తిరిగెళ్ళాక అత్తగార్లకూ భరతుడికీ వింతగా ఉంటుంది అంటుంది. లేకపోతే చర్మం దర్భల మీద పరచుకుని మీతో కలిసి కూర్చుంటాను అంటుంది. ఆ వెంటనే, ఇలాంటి కోరిక క్రూరమైనది, ఆడవాళ్ళకు తగనిది అని కూడా తనే అంటుంది. నేను చాలాసేపు ఆగింది ఇక్కడే. కోరికకు ఆడరూపం కట్టింది ఆ శ్లోకం. అదీ సీత నోటితోనే. అడగటానికి ముందే క్షమాపణ చెప్పుకోవడం మనకు తెలియని అలవాటు కాదు కదా?

తరువాత మాట్లాడేది రాముడు. మారీచుడి మాయ అని లక్ష్మణుడు అప్పటికే చెప్పాడు. అయినా రాముడు వెళ్తానంటాడు. ఆ లేడి అందానికి తనూ ఆశ్చర్యపోయాడు. రాజులు మాంసం కోసమూ వినోదం కోసమూ వేటాడటం ఉన్నదే అంటాడు. మాయే అయితే, మారీచుడే అయితే, వాణ్ణి చంపడం నా పని అంటాడు. అంటే చర్మం, వినోదం, మాంసం, శత్రుసంహారం. ఇన్ని కారణాల్లో సీత అడిగినది ఒకటి. మిగిలినవి విల్లు పట్టుకున్నవాడి సొంతం. లోకం సామెతగా మార్చుకున్నది ఆ ఒక్కటే.

ఇంకా ముందుకు వెళ్ళండి. మారీచుడు సీతా, లక్ష్మణా అని అరిచి చచ్చాడు. రాముడికి గుండె ఝల్లుమంది, మోసం అర్థమైంది. అయినా నలభై నాలుగో సర్గ చివర ఆయన ఇంకో చుక్కల లేడిని కొట్టి, ఆ మాంసం తీసుకుని ఇంటి ముఖం పట్టాడు. ఈ రెండో లేడి గురించి నేను క్లాసులో ఎన్నడూ చెప్పలేదు. దాన్ని సీత అడగలేదు. ఎవరూ అడగలేదు. అది ఆ పూట కూర. దాని మీద ఒక్క సామెతా పుట్టలేదు.

విల్లు గురించి సీతకు ఆలోచన లేదనుకోవడానికీ వీల్లేదు. తొమ్మిదో సర్గలో, వైరం లేనివాళ్ళను చంపడం తప్పని ఆమె రాముడితో వాదిస్తుంది. ఇంద్రుడు దాచమని ఇచ్చిన కత్తిని మోస్తూ మోస్తూ క్రూరుడైపోయిన ఒక తాపసి కథ చెబుతుంది. ఆయుధం పక్కన ఉంటే మనసు మారుతుందన్నది ఆమె వాదం. రామాయణంలో విల్లు మీద ఇంత పదునైన విమర్శ చేసిన మనిషిని మనం ఒక మెరిసే తోలుకు ఆశపడ్డ అమాయకురాలిగా గుర్తుపెట్టుకున్నాం. ఈ రెండు సీతలకూ పొందిక లేదని కొందరంటారు. నాకైతే పొందిక ఉండాల్సిన అవసరం కనిపించదు. హింస వద్దని వాదించే మనిషికి ఒక అందమైన వస్తువు మీద ఆశ కలగకూడదా?

మగవాళ్ళ వేట పొరపాట్లకు మన కావ్యాలు ఇచ్చిన స్థానం దీని పక్కన పెట్టి చూడాలి. దశరథుడు వానాకాలం రాత్రి సరయూ ఒడ్డున చప్పుడు విని బాణం వేసి మునికుమారుణ్ణి చంపాడు. నన్నయ రాజమహేంద్రవరంలో కూర్చుని తెలుగు చేసిన ఆదిపర్వంలో పాండురాజు జతకట్టి ఉన్న లేళ్ళను కొట్టాడు. కుంతి, మాద్రి ఆ బాణం ఫలితాన్ని జీవితాంతం మోశారు, మాద్రి చితి ఎక్కింది. ఈ రెంటికీ ‘శాపం’ అని పేరు. విధి, పూర్వకర్మ, రాజధర్మంలో జరిగిన చిన్న ఏమరుపాటు. ‘మగవాడి కోరిక’ అని ఎవరూ అనలేదు. మగవాడు వేసిన బాణం విధి, ఆడది అడిగిన మాట నేరం.

తరువాతి తెలుగు రామాయణాలు ఈ నేరాన్ని ఇంకా గట్టిపరిచాయి. వాల్మీకంలో లేని లక్ష్మణరేఖ రంగనాథ రామాయణంలో ఉంది. గీత వచ్చాక తప్పులు రెండయ్యాయి, అడగటం ఒకటి, దాటడం రెండు. రెండూ ఆమెవే.

మన స్త్రీవాద సాహిత్యం సీత దగ్గరకు చాలాసార్లు వెళ్ళింది. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ మొత్తం కథనే నిలదీసింది. ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖనూ అహల్యనూ రేణుకనూ ఊర్మిళనూ కలుసుకుంటుంది. ఆ పుస్తకాలు లేకపోతే నేనీ నాలుగు మాటలూ రాయగలిగేదాన్ని కాదు. కానీ మన చూపు ఎక్కువగా నిలిచింది అగ్నిప్రవేశం మీద, అడవికి పంపేయడం మీద. ఆమెకు జరిగిన అన్యాయం మీద. లేడి దగ్గర మనకూ కాస్త ఇబ్బంది ఉందనుకుంటాను. బాధితురాలైన సీత పక్కన నిలబడటం తేలిక. తనకు ఏదో కావాలన్న సీత పక్కన, అదీ ఒక ప్రాణి తోలు కావాలన్న సీత పక్కన నిలబడటం అంత తేలిక కాదు.

తాడు పట్టుకున్న కోయ ముసలామె నాకు ఇక్కడే పదేపదే గుర్తొస్తోంది. ఆమె కూడా మగవాళ్ళను వేటకు తోలింది. అడగటం అక్కడ పండుగలో ఒక పని. తోలేవాళ్ళు, వెళ్ళేవాళ్ళు, ఎగతాళి పట్టించేవాళ్ళు అందరూ కలిస్తేనే వేట. వెళ్ళినవాడికి కొండ మీద ఏమైనా అయితే ‘నువ్వు తోలబట్టే’ అని ఆమెను అంటారా? ఈ ప్రశ్న రోడ్డు మీద అడిగే తీరిక, ధైర్యం నాకు లేకపోయాయి. ఆ ఆడవాళ్ళ గురించి స్వర్గం కట్టి చెప్పాలని కూడా లేదు. విల్లు అక్కడా మగవాళ్ళ చేతిలోనే ఉంది. ఏడాదికి కొన్ని రోజులు దొరికే ఎగతాళి హక్కు మిగతా రోజుల లెక్క తేల్చదు. అయినా ఆ నవ్వులో క్షమాపణ లేదు. మా ఇళ్ళల్లో అలాంటి నవ్వు నేను వినలేదు.

ఇదంతా వ్యాసంగా రాయకముందు ఒక ఆదివారం పెద్దమ్మకు చెప్పాను. అన్నయ్య వేట మాంసం తెచ్చి గట్టు మీద పెట్టాడు, ఆమె అల్లం వెల్లుల్లి నూరుతోంది. సర్గల నంబర్లు ఆమెకెందుకు, కథే చెప్పాను. రెండో లేడి దగ్గర నూరడం ఆపింది.

“దార్లో ఇంకోటి కొట్టాడా?”

“కొట్టాడు పెద్దమ్మా. వాల్మీకంలోనే ఉంది.”

“అది ఆవిడ అడగలేదు?”

“లేదు.”

చాలాసేపు ఏం మాట్లాడలేదు. నూరిన ముద్ద గిన్నెలోకి తీసి, రోలు కడిగి బోర్లించింది. తరవాత, అన్నయ్య పెరట్లోకి వెళ్ళాడో లేదో చూసుకుని, మెల్లిగా అంది.

“మీ పెదనాన్న ఆ రోజు పులస కోసం వెళ్ళలేదే అమ్మడూ. అరటిగెలల బేరం ఉంది లంకలో. ముందురోజే బజానా ఇచ్చొచ్చారు. పొద్దున్న వెళ్తా వెళ్తా, ‘పులస కనపడితే తెస్తాలే’ అన్నారు. అంతే.”