రౌతు వెనుక పనితనం

‘రౌతు కొద్దీ గుర్రం’ అన్నది మన సామెత. గుర్రం కొద్దీ రౌతు అన్నది కూడా ఈవెంటింగ్ పోటీల్లో అంతే నిజం. ఆ గుర్రాన్ని ఎవరు కొన్నారు, దాణా ఎవరు పెట్టారు, అది కుంటిన రోజుల్లో ఎవరు ఓపిక పట్టారు? ఇవి తెలిస్తేనే ఒక పతకం పూర్తిగా అర్థమవుతుంది. 2018 ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడల్లో బెంగళూరు యువకుడు ఫవాద్ మీర్జా వ్యక్తిగత ఈవెంటింగ్‌లో రజతం గెలిచాడు. 1982 ఢిల్లీ క్రీడల తర్వాత గుర్రపు స్వారీలో మన దేశానికి దక్కిన తొలి వ్యక్తిగత పతకం అది. జట్టుకూ రజతమే వచ్చింది. అతని స్వారీని మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ స్వారీకి ఆధారంగా నిలిచిన స్పాన్సర్‌షిప్‌ను ఎంత నేర్పుగా కట్టారో చూపడం ఈ వ్యాసం పని.

1982లో స్వర్ణం గెలిచిన రఘుబీర్ సింగ్ సైనికుడు. మన దేశంలో చాలాకాలం ఈ క్రీడ సైన్యం నీడలోనే బతికింది. అక్కడ గుర్రం, లాయం, సైసు, పశువైద్యుడు, శిక్షకుడు అన్నీ కొలువుతోపాటే దొరుకుతాయి. యూనిఫారం లేని రౌతు వీటన్నిటినీ సొంతంగా సమకూర్చుకోవాలి. పోటీ లేదని గుర్రం తిండి మానదు. రోజూ దాన్ని నడిపించాలి, కొన్ని వారాలకొకసారి లాడాలు మార్చాలి, చిన్న వాపు కనిపించినా వైద్యుణ్ని పిలవాలి. పెద్ద పోటీలు ఐరోపాలో జరుగుతాయి కాబట్టి రౌతూ గుర్రమూ అక్కడే ఉండాలి. ప్రతిభ ఉండి కూడా ఎందరో ఆగిపోయేది ఇక్కడే.

ఈవెంటింగ్ అంటే ఒకే గుర్రంతో మూడు పరీక్షలు. డ్రెసాజ్‌లో అది నెమ్మదిగా, రౌతు చిన్న సంజ్ఞకు కూడా లొంగి నడవాలి. క్రాస్ కంట్రీలో గుంటలు, నీళ్లు, దుంగలు దాటుతూ నిర్ణీత సమయంలో పరుగు పూర్తిచేయాలి. అంత అలసట తర్వాత షో జంపింగ్‌లో కర్రలు పడకుండా దూకాలి. ఇన్ని గుణాలున్న గుర్రం తయారుకావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఈ ఆటలో స్పాన్సర్ నిజంగా కొనేది కాలాన్ని.

ఫవాద్ చిన్నతనం నుంచి స్వారీ చేసింది బెంగళూరు శివార్లలోని ఎంబసీ ఇంటర్నేషనల్ రైడింగ్ స్కూల్‌లో. రియల్ ఎస్టేట్ వ్యాపారి జీతూ విర్వానీ 1996లో దాన్ని స్థాపించారు. ఆ సంస్థే తర్వాత అతనికి స్పాన్సరైంది. తండ్రి గుర్రాల వైద్యుడు కాబట్టి గుర్రం ఒంటి తీరు అతనికి ఇంట్లోనే అలవాటైంది. స్పాన్సర్ డబ్బు సంచి చేతిలో పెట్టి పొమ్మనలేదు. స్వారీలో అక్షరాభ్యాసం చేయించిన బడే అతణ్ని పైచదువుకూ పంపింది. జర్మనీలో తొలుత బెటీనా హోయ్ దగ్గర, తర్వాత 2012 లండన్ ఒలింపిక్స్ పతక విజేత సాండ్రా ఆఫార్ట్ దగ్గర శిక్షణ ఏర్పాటు చేసింది.

గుర్రాన్ని ఎంచుకోవడంలో కూడా అంతే వివేకం కనిపిస్తుంది. జకార్తాలో ఫవాద్ ఎక్కిన సిన్యోర్ మెడికాట్ మీద అంతకుముందు బెటీనా హోయ్ స్వయంగా పోటీపడింది. అంటే పెద్ద పోటీల వేడి చూసి వచ్చిన గుర్రం అది. ఎదిగే రౌతుకు అనుభవమున్న గుర్రాన్ని ఇస్తే అది కూడా ఒక గురువవుతుంది.

ఈ స్పాన్సర్‌షిప్ ఎంత గట్టిదో 2019లో తేలింది. మెడికాట్ గాయపడి చాలాకాలం పోటీలకు దూరమైంది. అదే ఏడాది టోక్యో ఒలింపిక్స్ అర్హత పాయింట్లు లెక్కకొస్తున్నాయి. ఒక్క గుర్రం మీదే ఆధారపడి ఉంటే అతని కథ ఆ ఏడాదే ముగిసేది. కానీ స్పాన్సర్ ఒక్క గుర్రంతో సరిపెట్టలేదు. ఫవాద్ ఫర్న్‌హిల్ ఫేస్‌టైమ్ మీద 34, టచింగ్‌వుడ్ మీద 30, మొత్తం 64 పాయింట్లు సాధించి తన గ్రూపులో అగ్రస్థానంలో నిలిచాడు. ఇమ్తియాజ్ అనీస్ 2000లో సిడ్నీకి వెళ్లాక మళ్లీ ఒక భారతీయ రౌతుకు ఒలింపిక్స్ తలుపు తెరుచుకుంది.

పాయింట్లు చాలవు. గుర్రం, రౌతు జంటగా ఒక కనీస ప్రమాణాన్ని అందుకోవాలన్న నియమం ఉంది. 2021లో పోలండ్‌లోని బాబొరూవ్కోలో కోలుకున్న మెడికాట్‌తోను, దజారా 4 అనే గుర్రంతోను అతను ఆ ప్రమాణాన్ని అందుకున్నాడు. తొలుత దజారాను ఎంచుకుని, చివరికి మెడికాట్‌తో బరిలో దిగాడు. టోక్యో దారి తెరిచినవి రెండు గుర్రాలు. ఆ దారిలో నడిచింది మూడోది. అవసరమైతే నిలబడటానికి నాలుగోది సిద్ధంగా ఉంది. గాయపడ్డ గుర్రాన్ని అమ్మేసి నష్టం తగ్గించుకోకుండా దాని ఆరోగ్యం కోసం ఆగడం, ఈలోగా రౌతు చేతులు ఖాళీగా ఉండకుండా చూడడం, ఇదీ ఈ పనితనంలో అన్నిటికన్నా అందమైన కుట్టు. టోక్యోలో ఫవాద్ డ్రెసాజ్‌లో 28 పెనాల్టీ పాయింట్లతో మొదలుపెట్టి, 25 మంది మిగిలిన వ్యక్తిగత జంపింగ్ ఫైనల్‌కు చేరి, 23వ స్థానంలో ముగించాడు.

ఇంత పెట్టుబడి పెట్టిన స్పాన్సర్‌కు దక్కేదేమిటి? అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఈఐ నిబంధనల ప్రకారం మామూలు పోటీల్లో జీను కింది గుడ్డ మీద ఒక్కో వైపు 200 చదరపు సెంటీమీటర్లు, కోటు మీద ఒక్కో వైపు 80 చదరపు సెంటీమీటర్లు, ఇలా కొలిచి ఇచ్చిన జాగాల్లోనే స్పాన్సర్ పేరు వేసుకోవచ్చు. ఒలింపిక్ బరిలోనైతే స్పాన్సర్ ప్రకటనకు చోటే లేదు. ప్రపంచమంతా చూసే ఆ రోజున అన్నేళ్లు పోషించినవాడి పేరు ఎక్కడా కనిపించదు. అది తెలిసే డబ్బు పెట్టినవాడు ఆటను ప్రేమించినవాడే అయి ఉండాలి.

అందరికీ ఒక విర్వానీ దొరకడు. అయినా ఈ పని తీరును చిన్న స్థాయిలో కూడా అనుసరించవచ్చు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ రౌతు షార్లెట్ డుజార్డిన్‌కు రెండు స్వర్ణాలు తెచ్చిన వాలెగ్రో అనే గుర్రంలో ఆమె గురువు కార్ల్ హెస్టర్‌తో పాటు రోలీ లువార్డ్‌కు కూడా వాటా ఉండేది. ఒక్కరు మోయలేని గుర్రాన్ని నలుగురు కలిసి మోయవచ్చు. ఒకరు దాణా ఖర్చు, ఒకరు వైద్యం, ఒకరు ప్రయాణం చూసుకోవచ్చు. హైదరాబాదులో స్వారీ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు, ఇక్కడి వ్యాపారులు ఆలోచించదగిన మార్గమిది.

అడిగే రౌతుకు కూడా ఇందులో ఒక పాఠముంది. ‘నాకు పతకం వస్తుంది, డబ్బివ్వండి’ అన్న ఉత్తరానికి బలం లేదు. వచ్చే మూడేళ్లు ఏ గురువు దగ్గర, ఏ పోటీలకు, గుర్రం గాయపడితే ఏం చేస్తాం, నెలకు ఎంత, ఎందుకంత అన్న లెక్కలున్న ఉత్తరానికే బలం. ఇచ్చేవాడు ఫలితానికి ముందే నమ్మాలి. అడిగేవాడు ఆ నమ్మకానికి లెక్క చెప్పగలగాలి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ జట్టు 41 ఏళ్ల తర్వాత స్వారీలో స్వర్ణం తెచ్చింది. ఆ నలుగురూ ఐరోపాలో ఏళ్ల తరబడి సాధన చేసి వచ్చినవాళ్లే. ఇలాంటి పతకాలు మరిన్ని కావాలనుకుంటే, గెలిచాక దండలు వేయడానికి పోగయ్యే డబ్బులో కొంతైనా గెలవక ముందే లాయానికి చేరాలి.