ధారణ, శాసనం, స్మృతి: కోడింగ్ సహాయకాల ‘నిలిచే జ్ఞాపకం’పై విమర్శ

వ్యాససంగ్రహం: కృత్రిమ మేధతో పనిచేసే కోడింగ్ సహాయకాలకు ఒక సెషన్ నుంచి మరో సెషన్‌కు కొనసాగే జ్ఞాపకాన్ని కల్పించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఈ ఏర్పాటును అవధానంలోని ధారణతో, గుంటుపల్లి శాసనంతో, అన్నంభట్టు స్మృతి లక్షణంతో పోల్చి, దానికి ‘జ్ఞాపకం’ అన్న పేరు ఎంతవరకు తగునో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అవధానం, ధారణ, స్మృతి, శబ్దప్రమాణం, గుంటుపల్లి, కృత్రిమ మేధ.

1. ఉపోద్ఘాతం

భాషానమూనా ఒక సమయంలో తన సందర్భ పరిధిలోకి వచ్చిన పాఠాన్ని మాత్రమే చూడగలదు. సెషన్ ముగిస్తే అందులో జరిగిన చర్చ, తీసుకున్న నిర్ణయాలు, దిద్దిన తప్పులు ఏవీ దానిలో మిగలవు. మరునాడు అదే ప్రాజెక్టు తెరిచినా కథ మొదటికి వస్తుంది. ఈ లోటును పూరించడానికి విషయాలను నమూనా వెలుపల రాసిపెట్టి, మళ్లీ చదివించే పద్ధతి వచ్చింది. ఉదాహరణకు ‘క్లాడ్ కోడ్’ అనే సహాయకం ప్రాజెక్టులో ఉంచిన ‘క్లాడ్.ఎండి’ అనే పాఠ్య ఫైలును ప్రతి సెషన్ ఆరంభంలో చదువుకుంటుంది. దీన్నే వాడుకలో ‘జ్ఞాపకం’ అంటున్నారు. జ్ఞాపకాన్ని కళగా సాధన చేసిన తెలుగు సాహిత్య సంప్రదాయం ఈ మాటను పరీక్షించకుండా అంగీకరించలేదు.

2. అవధాని ధారణ

అష్టావధానంలో పృచ్ఛకులు నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన వంటి అంశాలిస్తారు. అవధాని ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున పూరణలు చెబుతూ, నడుమ అప్రస్తుత ప్రసంగాన్ని ఎదుర్కొంటూ, చివర పద్యాలన్నింటినీ ధారణ చేస్తాడు. ఒక సభకు పరిమితమైన ఈ ఏకాగ్రత భాషానమూనా సందర్భ పరిధికి దగ్గరగా ఉంటుంది. అనవసర విషయం పెరిగేకొద్దీ అసలు విషయంపై పట్టు సడలే ప్రమాదం రెండుచోట్లా ఉంది.

అయితే ముఖ్యమైన భేదం ఒకటుంది. అవధాని ధారణకు ఛందస్సు కాపలా కాస్తుంది. ఒక అక్షరం జారితే గణం చెడుతుంది, యతి తప్పుతుంది, ప్రాస పట్టిస్తుంది. సభలోని పండితులు ఆ తప్పును వెంటనే గుర్తిస్తారు. సహాయకం కోసం రాసిపెట్టిన వచన వాక్యానికి అలాంటి కాపలా లేదు. తప్పు వాక్యం కూడా ఒప్పు వాక్యమంత నిబ్బరంగా నిలుస్తుంది.

సభ ముగిశాక మిగిలేదేమిటన్నది మరో ప్రశ్న. తిరుపతి వేంకట కవుల అవధాన పద్యాలు ‘శతావధానసారము’గా అచ్చయ్యాయి. ఆ పేరులోనే ‘సారం’ ఉంది. సభలోని క్షణమంతా పుస్తకంలోకి రాదు, ఎంపికైనదే వస్తుంది. సహాయకం సుదీర్ఘ సంభాషణను సంగ్రహించినప్పుడూ ఇదే జరుగుతుంది. కనుక ఏది ఉంచాలి, ఏది విడవాలి అన్న వివేకం ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

3. లేఖకుని మండపం

నిలిచే జ్ఞాపకానికి తగిన ఉపమానం అవధాన సభలో కంటే శాసనంలో దొరుకుతుంది. కామవరపుకోట మండలం జీలకర్రగూడెం సమీపంలోని గుంటుపల్లి కొండపై వృత్తాకార చైత్యగృహంతో కూడిన బౌద్ధ క్షేత్రం ఉంది. అక్కడి మండప స్తంభాలపై బ్రాహ్మీ లిపిలో ఉన్న ప్రాకృత శాసనం ఆ మండపాన్ని మహామేఘవాహన వంశ రాజు వద్ద పనిచేసిన లేఖకుడు చూలగోముడు దానం చేసినట్టు చెబుతుంది. రాయడమే వృత్తిగా గలవాడు తన దానాన్ని రాతికి అప్పగించాడు.

ఈ శాసనాన్ని 1968లో ఆర్. సుబ్రహ్మణ్యం ఖారవేలునిదిగా ప్రచురించారు. తరువాతి పరిశోధకులు రాజు పేరును ‘సిరి సద’ అని చదివి, అతడు ఆ వంశంలోని మరొక రాజని నిర్ణయించారు. రాయి మారలేదు, పఠనం మారింది. రాత మిగలడం వేరు, దాని అర్థం రూఢి కావడం వేరు. శాసనం కళ్లెదుట ఉండబట్టే పునఃపరిశీలన సాధ్యమైంది. మొదటి పఠనం మాత్రమే మిగిలి మూలం పోయి ఉంటే, ఆ నిర్ణయమే చరిత్రగా స్థిరపడేది.

4. అన్నంభట్టు గీటురాయి

‘తర్కసంగ్రహం’లో అన్నంభట్టు స్మృతిని కేవలం సంస్కారం నుంచి పుట్టే జ్ఞానంగా నిర్వచించాడు. పూర్వానుభవం ఆత్మలో విడిచిన ముద్రే సంస్కారం. అనుభవం యథార్థమైతే స్మృతి యథార్థం, కాకుంటే కాదు. ఈ లక్షణం ప్రకారం ఫైలు చదివి పొందినది స్మృతి కాదు. వాక్యం నుంచి కలిగింది కనుక అది శాబ్దజ్ఞానం. శబ్దం ప్రమాణం కావాలంటే ఆ వాక్యం ఆప్తునిది కావాలి. అందువల్ల ‘ఎంత గుర్తుంది?’ అని కాక, ‘ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో రాశారు?’ అని అడగవలసి ఉంటుంది.

తెలుగు పరిశోధకులకు ఇది దూరపు చర్చ కాదు. పాఠశాల పిల్లల కోసం ఒక గ్రంథాన్ని సిద్ధం చేసేటప్పుడు అరసున్నలు తీసివేయాలనీ, శకటరేఫను సాధురేఫగా మార్చాలనీ సహాయకానికి చెప్పారనుకుందాం. ఆ సూచన నిలిచే జ్ఞాపకంలో చేరి, తరువాత ప్రాచీన కావ్య పరిష్కరణకూ వర్తిస్తే, పాఠభేదాల సాక్ష్యం నిశ్శబ్దంగా చెరిగిపోతుంది. మతిమరుపు వల్ల పని ఆలస్యమవుతుంది. తప్పుడు జ్ఞాపకం వల్ల పాఠమే చెడుతుంది.

5. ముగింపు

1. కోడింగ్ సహాయకపు ‘నిలిచే జ్ఞాపకం’ అవధాని ధారణ కన్నా లేఖకుని రాతకు దగ్గరిది. శాస్త్ర పరిభాషలో అది స్మృతి కాదు, శబ్దం.
2. ప్రతి నమోదుకూ కర్త, తేది, ఆధారం, వర్తించే పరిధి ఉండాలి. మూలాన్ని తిరిగి చూసే వీలు ఉండాలి.
3. పద్యానికి ఛందస్సు చేసే కాపలాను కోడ్‌కు పరీక్షలు చేయగలవు. కాబట్టి పరీక్షగా మలచదగిన నియమాన్ని వచనంగా మాత్రమే వదిలేయరాదు.
4. మరపించే అధికారం పరిశోధకుని చేతిలో ఉండాలి. ఏది నిలవాలో నిర్ణయించడం పరిష్కర్త బాధ్యత. దాన్ని యంత్రానికి అప్పగిస్తే పరిష్కరణ అన్న మాటకే అర్థం ఉండదు.